ఆర్యభటుడి తరఫున పూచీ

ఎన్నికల డ్యూటీ ఆర్డరు చేతికి రాగానే ఏ టీచరైనా ముందు చూసేది ఊరి పేరు. అక్కడికి బస్సు పోతుందా, ఆడవాళ్ళకు బాత్రూమ్ ఉందా, ముందురోజు రాత్రి నడుం వాల్చడానికి చాప పరిచేంత చోటుందా అన్నవి తర్వాతి విచారణలు. నేను కళ్ళజోడు తుడుచుకుని ఆ పేరు రెండుసార్లు చదివాను. పదిహేనేళ్ళు దాటింది ఆ ఊరు వదిలి. భద్రాచలం వెళ్ళే బస్సులో ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు కానీ, ఆ ఊరికి దారి చీలే మలుపు వచ్చినప్పుడల్లా సంచిలో ఏదో వెతుక్కునే దాన్ని. పక్క టేబుల్ టీచరమ్మ నా ముఖం చూసి, "మోకాళ్ళ నొప్పులని సర్టిఫికెట్ పెట్టండి మేడం, మార్చేస్తారు" అంది. మోకాళ్ళ నొప్పులు అబద్ధమేం కాదు. కానీ తప్పించుకోవడానికీ ఓపిక కావాలి. నాకు అదీ అయిపోయింది. ఆర్డరు మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఆ ఊళ్ళో నేను విద్యావాలంటీరుగా ఉన్నప్పుడు నాకు ఇరవై మూడేళ్ళు. మా ఇల్లు కొత్తగూడెంలో, బొగ్గు గని కార్మికుల క్వార్టర్లలో. ఆ వరసలో ఏ ఇల్లు చూసినా ఒకేలా ఉండేది. వాకిట్లో బొగ్గుల పొయ్యి, దాని పక్కన తడి బట్టలు, తలుపు వెనక ఏసుప్రభువు క్యాలెండరో వెంకటేశ్వరస్వామి క్యాలెండరో. తెల్లవారుజామున అందరి పొయ్యిలూ ఒకేసారి అంటుకునేవి. ఆ పొగ వాసన నా జడలో ఉండిపోయి, సోమవారం నేను బడిలో అడుగుపెడితే పిల్లలు "మేడం కొత్తగూడెం నుంచి వచ్చింది" అని వాసన పట్టి చెప్పేవాళ్ళు. మా నాయన గనిలో దిగే మనిషి. మొదటి షిఫ్టు దిగి ఇంటికొస్తే ఎవరితోనూ మాట్లాడకుండా ముందు వాకిట్లో నిలబడి, కనుబొమల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ణి చూసేవాడు. అంతసేపూ మా అమ్మ టీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడేది. "పొద్దు ఉన్నది" అని ఆయన అన్నాకే టీ తాగడం. పొద్దు ఎక్కడికి పోతుందని అడిగితే, "నీకేం ఎరుక బిడ్డా, కిందికి దిగినోనికి నమ్మకం ఉండది" అనేవాడు. మా అమ్మది ఇంకో తీరు. ఆదివారం చర్చిలో ముందు వరుస ఆమెది. గ్రహణాలూ గిహణాలూ మనకు లేవని చుట్టుపక్కల వాళ్ళకు గట్టిగా చెప్పేది. చెప్పి, ప్రార్థన చేసుకుని, ఎందుకైనా మంచిదని ఆవకాయ జాడీ మీద ఒక గరికపోచ వేసేది.

నాకు ఉద్యోగం వచ్చిన ఊరు అడవి అంచున ఉంది. వర్షాకాలంలో రోడ్డు వాగు దగ్గర ఆగిపోతే పడవ ఎక్కాలి. ఏడో తరగతి దాకా బడి. అడవి పక్క గూడేల నుంచి వచ్చే పిల్లలు తమలో తాము కోయ మాట్లాడుకునేవారు, నాతో తెలుగు మాట్లాడేవారు, పుస్తకంలోని తెలుగుకు మాత్రం ఇద్దరమూ కొత్తవాళ్ళమే. సోమవారం నుంచి శనివారం దాకా బడి వెనక కిరాయి గదిలో ఉండేదాన్ని. హెడ్‌మాస్టరు గారిది సత్తుపల్లి వైపు, మెత్తని మనిషి. ఏ తగాదా వచ్చినా "ఎందుకొచ్చిన గొడవమ్మా" అని తువ్వాలుతో ముఖం తుడుచుకునేవారు. పిల్లలకు మధ్యాహ్నం వండిపెట్టే మనిషి పేరు ముత్తమ్మ. నా ఈడుదే. పెళ్ళయి నాలుగేళ్ళు దాటినా అప్పటికింకా పిల్లల్లేరు. ఆ సంగతి ఆమె అత్త వెంకటమ్మ దారిన పోయే వాళ్ళందరికీ పిలిచి చెప్పేది.

ఆ ఏడు బడి తెరిచిన మొదటి వారంలోనే ఆర్యభటుడి పాఠం వచ్చింది. రెండు పేజీలు, ఒక బొమ్మ, చివర ఖాళీలు పూరించండి. అంతకు ముందు ఏడు నేనూ అందరిలాగే చదివించి, ఖాళీలు పూరింపించి ఊరుకున్నాను. ఈసారి ఎందుకో మనసొప్పలేదు. ఆయన తన పుస్తకం రాసేనాటికి ఇరవై మూడేళ్ళవాడని ఎక్కడో చదివాను. నాకూ ఇరవై మూడే. ఉడుకు రక్తానికి అంతకంటే కారణం అక్కర్లేదు. పుస్తకం మూయించి పిల్లల్ని బయటికి తీసుకుపోయాను.

మొదటి పని నీడ కొలవడం. వాకిట్లో నిలువెత్తు వెదురు కర్ర పాతి, ప్రతి గంటకూ నీడ కొస ఎక్కడుందో ముగ్గుపిండితో చుక్క పెట్టించాను. అన్నిటికంటే పొట్టి నీడ పడ్డప్పుడు నడిమధ్యాహ్నం అని, ఆ నీడ ఉత్తరం దిక్కు చూపిస్తుందని నేను ముందే పెద్ద గొంతుతో చెప్పేశాను. తీరా చూస్తే నీడ దక్షిణానికి పడింది. హెడ్‌మాస్టరు గారు వచ్చి, "కర్ర వంకరగా పాతావమ్మా" అన్నారు. ఇల్లు కడుతున్న మేస్త్రి దగ్గర తూకం గుండు అడిగి తెచ్చి, దారం కట్టి చూశాం. కర్ర నిలువుగానే ఉంది. మర్నాడూ అంతే. శనివారం ఇంటికెళ్ళి పాత భూగోళం పుస్తకం తిరగేస్తే తెలిసింది, జూన్ నెలలో సూర్యుడు మనకు నడినెత్తిని దాటి ఉత్తరం వైపు పోతాడని, మన నీడ అప్పుడు దక్షిణానికే పడుతుందని. సోమవారం వచ్చి పిల్లల ముందు నాది తప్పని ఒప్పుకున్నాను. వాళ్ళకు ఎంత సంతోషమో చెప్పలేను. మేడం తప్పు, కర్ర కరెక్టు అని ఊరంతా చాటారు. నాకూ సంతోషమే వేసింది. చెప్పింది నమ్మకుండా కళ్ళతో చూసింది నమ్మారు గదా అని మురిసిపోయాను. ఇప్పుడు ఆ మురిపెం తలచుకుంటే నవ్వు కూడా రాదు.

భూమి తిరుగుతుందన్నది చెప్పడం ఇంకా తేలిక. పడవలో పోయేవాడికి ఒడ్డు వెనక్కి పోయినట్టు కనిపిస్తుందని ఆర్యభటుడు అన్న పోలిక చెప్పబోయే లోపే పిల్లలు అందుకున్నారు. "అవ్ మేడం, వాగు దాటేటప్పుడు చెట్లు ఎన్కకు వోతయి" అన్నారు. పట్నం పిల్లలకు వివరించడానికి ముప్పావుగంట పట్టే సంగతి వీళ్ళకు ఒక్క నిమిషంలో అయిపోయింది. ఆ తర్వాత బియ్యం బస్తాల గదిలో కిటికీలకు గోనెలు కట్టి, బల్బు సూర్యుడు, నిమ్మకాయ చంద్రుడు, ఎవరి తల వాళ్ళకు భూమి. నిమ్మకాయ బల్బుకు అడ్డం వచ్చినప్పుడు ముఖాన నీడ పడుతుంటే రాహువూ లేదు కేతువూ లేదు, నిమ్మకాయే అని కేకలు పెట్టారు. ముత్తమ్మ పప్పు గరిటె పట్టుకుని ద్వారం దగ్గర నిలబడి చూసింది. "నేనొకసారి కూసుంట మేడం" అంది. కూర్చుంది. నిమ్మకాయ తనే తిప్పుకుంది. అప్పటికి ఆమెకు నాలుగో నెల. ఎంతకాలానికో నిలిచిన కడుపు.

గ్రహణం రాబోతోందని పేపర్లో పడింది. పొద్దున్నే, సూర్యుడు పొడుస్తూనే పట్టి ఉంటాడని. మా దగ్గర గ్రహణం పట్టిందా విడిచిందా అనేది గడియారంతో చూడరు. ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపూ రోకలి పట్టుకోకుండా నిలబడుతుందని, విడవగానే పడిపోతుందని నమ్మకం. నేను ఊరుకోవచ్చు కదా. ఒక మామూలు మంగళవారం నాడు, ముత్తమ్మ ఇంటి రోకలే అడిగి తెప్పించి, బడి వరండాలో పిల్లల చేత పళ్ళెంలో నిలబెట్టించాను. అడుగున ఇనప పొన్ను చదునుగా ఉంటే ఏ రోజైనా నిలబడుతుంది. నిలబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. సాయంత్రం వెంకటమ్మ వచ్చింది.

"ఏంది పంతులమ్మా, గ్రహణం లేని నాడు రోకలి నిలవెడ్తరా? ఇంట్ల కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది, ఎరుకేనా?"

"నిలబడింది కదా వెంకటమ్మా. ఏమీ కాలేదు కదా."

"ఇయ్యాల గాలే" అంది ఆమె. రోకలిని కొంగుతో తుడుచుకుని, పసిపిల్లను ఎత్తుకుపోయినట్టు భుజానికెత్తుకుపోయింది. "ఎందుకొచ్చిన గొడవమ్మా" అని హెడ్‌మాస్టరు గారు తువ్వాలు తీశారు.

ఆ ఆదివారం మా నాయనతో ఈ సంగతి చెబితే చాలాసేపు నవ్వాడు. "నాకు దినాం గ్రహణమే గద బిడ్డా, నేనేమన్న అయిన్నా?" అన్నాడు. గని వర్క్‌షాపులో వెల్డింగు చేసే దోస్తును అడిగి ఒక నల్ల అద్దం తెచ్చి, చేతిరుమాలులో చుట్టి ఇచ్చాడు. ఉత్త కళ్ళతో ఎవ్వరినీ చూడనివ్వకు అని మూడుసార్లు చెప్పాడు. బస్సెక్కేటప్పుడు అమ్మ, "కడుపుతోని ఉన్నోళ్ళ జోలికి పోకు రూతూ. మనకు నమ్మకం లేకున్నా, ఆళ్ళకున్నది గద" అంది. మా అమ్మ అన్న మాటల్లో నేను వినకుండా వదిలేసినవి చాలా ఉన్నాయి. వాటిలో నన్ను ఎక్కువ కాలం వెంటాడింది ఇదే.

గ్రహణం నాటి పొద్దున ఊరు తలుపులు వేసుకుని ఉంది. పిల్లలు మాత్రం తల్లుల చేతులు విదిలించుకుని ఒక్కొక్కరే వచ్చారు. మబ్బులు కమ్ముకుని కొంతసేపు ఏమీ కనిపించలేదు. తర్వాత చెట్ల మీదుగా మబ్బు విడిపోయి, కొరికిన రొట్టెలా సూర్యుడు బయటపడ్డాడు. వంతులవారీగా నల్ల అద్దంలో చూపించాను. వరండా గోడ మీద చిన్న బెజ్జం గుండా బొమ్మ వేసి చూపిద్దామని అట్టముక్క తెచ్చాను గానీ అది రాత్రి వానకు నానిపోయింది. "జల్లెడున్నా అయితది మేడం, చిల్లులే గద" అని ఎవరో అన్నారు. పిల్లలు వంటగది తలుపు తోస్తే తాళం వేసి ఉంది. తాళంచెవి ముత్తమ్మ దగ్గర ఉంది. పిల్లలు వాళ్ళింటి ముందుకు పోయి అరిచారు.

తాళంచెవి పిల్లల చేతికిచ్చి పంపొచ్చు ఆమె. తనే వచ్చింది. కొంగు కడుపు మీదికి లాక్కుని, గేటు దగ్గర ఆగి నా వైపు చూసింది. ఐదో నెల. "నేను రావచ్చునా మేడం?" అని అడిగింది.

నేను అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో అలాగే ఉంది. "రా ముత్తమ్మా, ఏం కాదు. నాది పూచీ" అన్నాను.

వంటగదిలోంచి మేకుతో చిల్లులు కొట్టిన రేకు జల్లెడ తెచ్చింది. పిల్లలు దాన్ని సూర్యుడికి ఎదురుగా పట్టుకున్నారు. సున్నం వేసిన గోడ మీద ఎన్ని చిల్లులో అన్ని చిన్న చిన్న సూర్యులు, అన్నీ కొరికినవే, నెలవంకల్లా పడ్డాయి. ముత్తమ్మ గోడ దగ్గరికి పోయి వాటిని వేలితో తాకబోయింది. ఇటు తిరిగి ఆమె అడ్డం నిలబడేసరికి ఆ నెలవంకలన్నీ ఆమె చీర మీద, కడుపు మీద పడ్డాయి. ఆమె కిందికి చూసుకుని నవ్వింది. పిల్లలు నవ్వారు. నేనూ పగలబడి నవ్వాను. నా బతుకులో పాఠం చెబుతూ అంత సంతోషపడిన రోజు మళ్ళీ లేదు. తల ఎత్తి చూస్తే గేటు అవతల వెంకటమ్మ నిలబడి ఉంది. కోడలి కడుపు వైపే చూస్తూ నిలబడింది.

క్రిస్మస్ ఇంకా పది పదిహేను రోజులు ఉందనగా ముత్తమ్మకు ఆడపిల్ల పుట్టింది. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. దాన్ని మన భాషలో ఏమంటారో చెప్పక్కర్లేదు కదా. గ్రహణం మొర్రి. ఆ పేరులోనే తీర్పు ఉంది, ఇక ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పని లేదు. వార్త భద్రాచలం దవాఖానా నుంచి ఊరికి చేరిన మర్నాడు బడికి తొమ్మిది మంది వచ్చారు. ఆ మర్నాడు నలుగురు. మూడో రోజు పెద్దలు పదిమంది వరండా ఎక్కారు. వాళ్ళ మధ్య ముత్తమ్మ, పచ్చి బాలింత, ఒళ్ళో పిల్ల. వెంకటమ్మే తీసుకొచ్చింది. పిల్ల ముఖం మీది గుడ్డ తనే తీసి నాకు చూపించింది. ఆ పసిది ఆకలితో ఉందో ఏమో, చీలిన పెదవితో గాలిని చప్పరిస్తోంది. అటు చూడలేక ముత్తమ్మ ముఖం చూశాను.

"అడుగు సారూ, అదే చెప్తది" అంది వెంకటమ్మ హెడ్‌మాస్టరు గారితో.

ముత్తమ్మ తల వంచుకునే ఉంది. "మేడం రమ్మంటెనే వోయిన. ఏం గాదు, నాది పూచీ అన్నది" అంది.

అబద్ధమేమీ లేదు అందులో. తాళంచెవి పంపకుండా తనే వచ్చిందని, రావచ్చునా అని తనే అడిగిందని నేను అనొచ్చు. అనలేదు. అది నా మంచితనం కాదు. ఆ పిల్లను చూశాక నాకే అనుమానం వచ్చింది. ఒకవేళ ఏదైనా ఉందేమో. ఇన్ని వందల ఏళ్ళుగా ఇంతమంది ఊరికే అంటారా? నిమ్మకాయ, బల్బు, వెదురు కర్ర, నా దగ్గర ఉన్నవి అవే. వాటిలో ఏదీ ఆ పెదవి ఎందుకు చీలిందో చెప్పదు. ఆర్యభటుడు గ్రహణం నీడ అని చెప్పాడు గానీ, గ్రహణం నాడు బయటికొచ్చిన ఆడదాని బిడ్డకు నేను పూచీ అని ఎక్కడా చెప్పలేదు. ఆ పూచీ ఆయన పేరు చెప్పి నేను ఇచ్చింది. ఎవరో నన్ను మంత్రగత్తె అన్నారు, ఎవరో మతం మార్చడానికి వచ్చిందన్నారు. హెడ్‌మాస్టరు గారు తువ్వాలు భుజాన వేసుకుని, నన్ను పక్కకు పిలిచి, "కొన్నాళ్ళు ఇంటి దగ్గర ఉండమ్మా. నువ్వు వెళితేనే పిల్లలు బడికొస్తారు" అన్నారు. ఆ మాట కూడా నిజమే. మధ్యాహ్నం బస్సుకే వచ్చేశాను.

మా నాయన వాకిట్లో పొద్దు చూస్తూ ఉన్నాడు. నా ట్రంకుపెట్టె అందుకుని లోపల పెట్టాడు. టీ తాగేదాకా ఆగి, "ఏడ్తె ఏడ్వు గని, తిని ఏడ్వు" అన్నాడు. అమ్మ ఆ పసిపిల్ల కోసం రోజూ ప్రార్థన చేసేది. పేరు తెలియదు కాబట్టి "ఆ బిడ్డ" అనేది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను.

తర్వాతి కథ అందరి కథే. డీఎస్సీ రాశాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. కడుపుతో ఉన్నప్పుడు ఒక చలికాలం సాయంత్రం చంద్రగ్రహణం వచ్చింది. మా అత్తగారు చర్చిలో నా తల్లి కంటే ముందు వరుసలో కూర్చునే మనిషి. అయినా నా గది తలుపు దగ్గరికొచ్చి, "వెల్లకిలా పండుకో అమ్మా, అటూ ఇటూ కదలకు, గోళ్ళు కొరక్కు" అంది. పడుకున్నాను. కాళ్ళు చాపి, చేతులు కడుపు మీద పెట్టుకుని, చంద్రుడు విడిచేదాకా దూలం వైపు చూస్తూ కదలకుండా పడుకున్నాను. భయమా, సిగ్గా, వాదించే ఓపిక లేకనా అంటే మూడూ ఉన్నాయి. పక్కింటి పిల్లలు మేడ మీద చంద్రుణ్ణి చూస్తూ కేకలు పెడుతుంటే చెవులు మూసుకున్నాను. ఎవరికీ చెప్పని సంగతి ఇది, ఇప్పుడే రాస్తున్నాను.

ఆ తర్వాత నెల పరీక్షకు పోయినప్పుడు డాక్టరమ్మను అడిగాను, మొర్రి ఎందుకు వస్తుందని. ఆమె చేతులు కడుక్కుంటూనే చెప్పింది. కారణాలు చాలా ఉంటాయి, అన్నీ తెలియవు, ఏమైనా పెదవి కలిసేది రెండో నెలలోనే, ఆ తర్వాత ఏం చేసినా పెదవి చీలదు అంది. నేను అక్కడే కుర్చీలో కూర్చుని వేళ్ళ మీద లెక్కపెట్టాను. ముత్తమ్మకు ఐదో నెల. అంటే ఆ జల్లెడ వెలుగు ఆమె కడుపు మీద పడేనాటికి లోపల బిడ్డ పెదవి ఎప్పుడో అలాగే ఉంది. నిమ్మకాయ తిప్పిన రోజుకే అలాగే ఉంది. నా పూచీ తప్పలేదు. ఆ ఊరికి రెండున్నర గంటల బస్సు ప్రయాణం. వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు, నీ తప్పు లేదు ముత్తమ్మా, నువ్వు గడప దాటినందుకు కాదు అని. ఆమె జీవితమంతా పిల్ల ముఖం చూసినప్పుడల్లా తనను తాను తిట్టుకుంటూ ఉంటుందని నాకు తెలుసు. తెలిసీ వెళ్ళలేదు. మొదట ప్రసవం, తర్వాత పిల్లవాడికి జ్వరాలు, తర్వాత నాయన దగ్గు, నాయన పోవడం, ట్రాన్స్‌ఫర్లు. వెళ్ళనివాడికి సాకులు కరువా. అసలు సంగతి ఆ వరండా మళ్ళీ ఎక్కడానికి నాకు ధైర్యం లేదు.

ఇప్పుడు నేను పాఠం చెప్పే తీరు చూస్తే ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల నన్ను గుర్తుపట్టదు. పొద్దున ఫోన్‌లో ముఖం చూపించి హాజరు వేయాలి, పిల్లల హాజరు వేయాలి, అన్నం తిన్నవాళ్ళ ఫొటో ఎక్కించాలి, ఎక్కకపోతే రోడ్డు మీదికి పోయి సిగ్నల్ కోసం చెయ్యెత్తి నిలబడాలి. ఆర్యభటుడి పాఠం ఇప్పటికీ వస్తుంది. తెర మీద మూడు నిమిషాల వీడియో వేస్తాను. భూమి గిర్రున తిరుగుతుంది, చంద్రుడు అడ్డం వస్తాడు, రంగులు బాగుంటాయి. ఎవరూ బయటికి రారు, ఎవరి తప్పూ బయటపడదు, ఎవరూ ఏమీ అడగరు. ఖాళీలు పూరిస్తారు. నేను కూడా ఎవరికీ ఏ పూచీ ఇవ్వను. రిటైరయ్యేదాకా ఇలా గడిచిపోతే చాలనిపిస్తుంది కొన్నిసార్లు. కొన్నిసార్లు ఏమీ అనిపించదు, అది ఇంకా భయం.

పోలింగు ముందురోజు మధ్యాహ్నం సామాన్లతో లారీ దిగాం. వాగు మీద వంతెన వచ్చింది, పడవ లేదు. బడికి కొత్త గోడ, కొత్త రంగు. వరండా మాత్రం అదే. మా టీములో అందరూ చిన్నవాళ్ళు. పెట్టెలు లెక్కపెట్టుకుంటూ, చార్జింగ్ ప్లగ్గుల కోసం కొట్లాడుకుంటున్నారు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు వంటామె అన్నం గిన్నె మోసుకొచ్చింది. జుట్టు సగం నెరిసింది గానీ నడక అదే. వెనక కూర గిన్నెతో పదిహేను పదహారేళ్ళ అమ్మాయి, రెండు జడలు, పై పెదవి మీద సన్నని తెల్లటి గీత. ఆ గీత వెతికితే తప్ప కనిపించదు. నేను వెతికాను కాబట్టి కనిపించింది.

ముత్తమ్మ నన్ను చూసిన వెంటనే గుర్తుపట్టింది. గిన్నె కింద పెట్టి, "మంచిగున్నరా మేడం? మస్తు చిక్కిన్రు" అంది. "మా మౌనిక. టెన్తు చదువుతాంది" అని కూతుర్ని చూపించింది. పిల్ల నమస్తే పెట్టింది. మాట స్పష్టంగా ఉంది. నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తులేదు. అందరికీ వడ్డించి, మౌనిక నీళ్ళ కోసం బోరింగు దగ్గరికి పోయాక, ముత్తమ్మ వరండా మెట్టు మీద నాకు దగ్గరగా కూర్చుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఈ జన్మలో చెప్పననిపించింది.

"ముత్తమ్మా, నీకొక మాట చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది" అన్నాను. రెండో నెల సంగతి, డాక్టరమ్మ అన్న మాట, వేళ్ళ మీద పెట్టిన లెక్క, మొత్తం చెప్పాను. "నువ్వు బయటికొచ్చినందుకు కాదు. నీ తప్పు ఏమీ లేదు" అన్నాను.

ఆమె చాలా నెమ్మదిగా తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

"నాకెరుకే మేడం. ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ గప్పుడే చెప్పింది. పిల్లకింకా ఆర్నెల్లు గూడ లెవ్వు. రెండో నెల్లనే అయితదట, గ్రహణం గిట్ల ఏం లేదని చెప్పింది."

"మరి ఊళ్ళో చెప్పలేదా?"

"ఎందుకు చెప్త మేడం?" అంది. బోరింగు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "గ్రహణం కాదంటె ఇంకేముంటది? నా కడుపే మంచిది కాదంటరు. నాలుగేండ్లు పిల్లల్లేకుంటె ఆ మాటే అనుకుంట తిరిగింది మా అత్త. మా ఆయనకు ఇంకో పిల్లను సూసిపెట్టింది గప్పటికే. మేడం రమ్మంటె వోయిన అని వరండల నేనన్ననాడు ఆమె నోరు మూతవడ్డది. తప్పు పంతులమ్మది, కోడలిది కాదన్నది. మీరు ఎట్లయినా పోయేటోళ్ళు గద మేడం. నేను ఈడ ఉండేదాన్ని."

నాకు కోపం వచ్చింది. సిగ్గుపడకుండా రాస్తున్నాను, మొదట వచ్చింది కోపమే. నా ఇరవై మూడేళ్ళు ఆ వరండాలో పోయాయి. ట్రంకుపెట్టెతో ఇంటికొచ్చిన ఆ మధ్యాహ్నం, నేను కదలకుండా పడుకున్న ఆ సాయంత్రం, తెర మీద మూడు నిమిషాల వీడియో, అన్నిటికీ ఆ ఒక్క మాటే కదా కారణం. ఆ మాట ఆమె తెలిసి అన్నదో తెలియక అన్నదో నాకు అక్కర్లేదు, తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు. తర్వాత మౌనిక బిందె నడుముకెత్తుకుని చీకట్లో నడిచి వస్తుంటే చూశాను. ఇంకో పిల్లను తెచ్చుకుంటే ఈ తల్లి ఎక్కడ ఉండేది, ఈ పిల్లకు ఆ ఆపరేషన్లు ఎవరు చేయించేవారు? నేనైనా ఆమె చోట ఉంటే అదే మాట అనేదాన్ని. అది అర్థమయ్యేసరికి కోపం పోయింది, దాని చోట మరేదీ రాలేదు. ఒళ్ళంతా అలసటగా మాత్రం ఉంది.

ముత్తమ్మ నా ముఖంలోకి చూస్తోంది. "మీరు గిన్నేండ్లు దాన్నే మనసుల వెట్టుకున్నరా మేడం?" అంది భయంగా. "పెద్ద నౌకరి వచ్చింది, మేడం ఎప్పుడో మర్శిపోయి ఉంటది అనుకుంట బతికిన నేను. లేకుంటె నాకు నిద్ర వట్టకపోవు."

నేను కంచంలోకి చూసి, "ఎప్పుడో మర్చిపోయాను ముత్తమ్మా. ఈ ఊరి పేరు ఆర్డరులో చూశాకే గుర్తొచ్చింది" అన్నాను.

ఆ ఊళ్ళో పిల్లలకు గానీ పెద్దలకు గానీ నేను తెలిసి చెప్పిన అబద్ధం అదొక్కటే. దాన్ని మాత్రం ఆమె వెంటనే నమ్మింది. ముఖం తేటపడింది. లేచి, చల్లారిందేమోనని నా అన్నం మీద వేడి పప్పు ఇంకో గరిటె పోసింది.